మీడియా సర్వర్లలో వీడియో వెర్షన్ల గుర్తింపు

మీడియా సర్వర్ అంటే ఇంట్లో ఒక కంప్యూటర్‌లోనో, నాస్ పెట్టెలోనో దాచుకున్న సినిమాలను, సీరియళ్లను పోస్టర్లతో, వివరాలతో అమర్చి టీవీకి, ఫోన్‌కి, ఊరవతల ఉన్న కుటుంబ సభ్యులకు కూడా పంపించే సాఫ్ట్‌వేర్. ప్లెక్స్, ఎంబీ, జెల్లీఫిన్ వీటిలో బాగా వాడుకలో ఉన్నవి. కోడి అచ్చంగా సర్వర్ కాదు గానీ సినిమాల జాబితా నిర్వహణలో ఇదే కోవలోకి వస్తుంది. సినిమాకు ఒక్క ఫైలే ఉన్నంతకాలం వీటికి చిక్కు లేదు. అదే సినిమాకు రెండో ఫైలు వచ్చి చేరగానే మూడు ప్రశ్నలు లేస్తాయి. ఇవి రెండూ ఒక సినిమాయేనా? అయితే వాటి మధ్య తేడా ఏమిటి? ప్లే నొక్కితే ఏది నడవాలి? ఈ ప్రశ్నలకు ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో విధంగా జవాబు చెబుతుంది. ఆ పద్ధతులన్నిటినీ కలిపి వెర్షన్ల గుర్తింపు అనవచ్చు.

ఇక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. రెండు వేర్వేరు రకాల తేడాలను సాఫ్ట్‌వేర్ ఒకే గాట కడుతుంది. ఒక రకంలో సినిమా అదే, సీన్లు అవే. నాణ్యత, సైజు, కోడెక్ మాత్రం మారతాయి. 2160పి ఫైలు, 1080పి ఫైలు ఈ రకం. వీటిలో ఏది నడపాలో యంత్రమే నిర్ణయించగలదు, చూసేవారిని అడగనక్కర్లేదు. రెండో రకంలో సినిమాయే మారుతుంది. సీన్లు కలుస్తాయి, పోతాయి, రంగు మారుతుంది, ముగింపు మారుతుంది. వీటిలో ఏది చూడాలన్నది మనిషి తేల్చుకోవాల్సిన విషయం. మొదటి రకాన్ని దాచిపెట్టి రెండో రకాన్ని ఎదురుగా చూపించే సర్వర్ మంచి సర్వర్. రెండింటినీ ఒకే డ్రాప్‌డౌన్ జాబితాలో కుక్కితే ఇంట్లో పెద్దవాళ్లకు ఏది నొక్కాలో తెలియదు.

తేడాలు ఎక్కడెక్కడ వస్తాయి

అసలు వెర్షన్లే కానివాటిని ముందు పక్కన పెట్టాలి. దేవదాసు పేరుతో 1953లో అక్కినేని నాగేశ్వరరావు సినిమా, 1974లో కృష్ణ సినిమా, 2006లో రామ్ సినిమా వచ్చాయి. పేరు ఒకటే అయినా ఇవి మూడు వేర్వేరు సినిమాలు. వీటిని విడదీసేది సంవత్సరం. అందుకే దాదాపు అన్ని సర్వర్లూ ఫోల్డర్ పేరులో, ఫైలు పేరులో బ్రాకెట్ల మధ్య విడుదల సంవత్సరం ఉండాలని కోరతాయి. అదే విధంగా సీడీ 1, సీడీ 2 అని ఉన్న ఫైళ్లు కూడా వెర్షన్లు కావు, ఒకే సినిమాకు భాగాలు. వీసీడీ ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాల వీడియో మాత్రమే పట్టేది. రెండున్నర గంటలు దాటే తెలుగు సినిమా రెండు మూడు డిస్కులుగా రావడానికి కారణం అదే. ఆ రోజుల నుంచి దాచిపెట్టుకున్న ఫైళ్లు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ముక్కలుగానే ఉన్నాయి. జెల్లీఫిన్, ప్లెక్స్ రెండూ పేరు చివర సీడీ 1, పార్ట్ 1 లాంటి గుర్తులుంటే ముక్కలను వరసగా అతికించి ఆడిస్తాయి. అయితే జెల్లీఫిన్‌లో ముక్కల పద్ధతి, వెర్షన్ల పద్ధతి ఒకే సినిమాకు కలిపి వాడడం కుదరదు. అలాంటప్పుడు ముక్కలను ముందుగానే ఒక ఫైలుగా అతికించడం మేలు.

నిజమైన వెర్షన్ భేదానికి ప్రపంచమంతటా చెప్పుకునే ఉదాహరణ రిడ్లీ స్కాట్ తీసిన బ్లేడ్ రన్నర్. 1982లో థియేటర్లకు వచ్చిన సినిమాలో కథానాయకుడి గొంతుతో వ్యాఖ్యానం ఉంటుంది, ముగింపు ఆశాజనకంగా ఉంటుంది. 1992 డైరెక్టర్స్ కట్‌లో ఆ వ్యాఖ్యానం పోయింది, ముగింపు మారింది, ఒక కల కొత్తగా చేరింది. 2007లో ఫైనల్ కట్ వచ్చింది. ఆ ఏడాదే వెలువడిన డిస్కుల సెట్‌లో విడుదలకు ముందరి కూర్పు అయిన వర్క్‌ప్రింట్‌తో కలిపి ఐదు రూపాలు ఉన్నాయి. గమనించాల్సింది ఏమిటంటే వీటిలో థియేటర్ కట్, డైరెక్టర్స్ కట్, ఫైనల్ కట్ మూడింటి నిడివీ 117 నిమిషాలకు అటూఇటూగానే ఉంటుంది. సినిమా అర్థమే మారిపోయినా గడియారానికి ఆ సంగతి తెలియదు.

తెలుగులో ఈ సమస్య ఇటీవలే బాగా పెరిగింది. 2024 డిసెంబర్ 5న విడుదలైన పుష్ప 2కు 2025 జనవరి 17న సుమారు 20 నిమిషాల సన్నివేశాలు కలిపి రీలోడెడ్ వెర్షన్ వేశారు. పోకిరి 2022 ఆగస్టులో 4కే రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. పాత డీవీడీ ఉన్నవారికి అది నాణ్యత తేడా. బాహుబలి రెండు భాగాలను కుదించి కలిపి 2025 అక్టోబర్ 31న విడుదల చేసిన ‘బాహుబలి: ది ఎపిక్’ ఇంకా క్లిష్టమైన ఉదాహరణ. 225 నిమిషాల ఈ సినిమా ఎవరి వెర్షన్? వెర్షన్ అన్నది ఏదో ఒక మూల సినిమా కిందికి రావాలి. దీనికి మూలాలు రెండు. కాబట్టి దీన్ని మొదటి భాగం కిందా, రెండో భాగం కిందా పెట్టకుండా విడి సినిమాగా ఉంచడమే సబబు.

ఆర్కైవులు ముందే గీసిన గీతలు

ఈ చిక్కు ఇళ్లలో సర్వర్లతో పుట్టింది కాదు. తాళపత్ర గ్రంథాల విషయంలో సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులు పోల్పించి చూసినప్పుడు ఎదుర్కొన్న ప్రశ్నే ఇది: రెండు ప్రతుల మధ్య తేడా పాఠభేదమా, లేక రాయసకాడి చేతిరాత తేడాయా? గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య 1998లో ప్రకటించిన నమూనా దీన్ని నాలుగు అంతస్తులుగా విడదీసింది. పైన కృతి, దాని కింద దాని రూపాంతరం, ఆ కింద ముద్రణ, అన్నిటికన్నా కింద చేతిలో ఉన్న ప్రతి. సినిమాల కోసం 2010లో వచ్చిన యూరప్ ప్రమాణం ఈఎన్ 15907, ఫిల్మ్ ఆర్కైవుల సమాఖ్య 2016లో వెలువరించిన కేటలాగింగ్ మాన్యువల్ ఇదే దారిలో నడిచాయి. పరిశ్రమ కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. ఐసాన్ అనే అంతర్జాతీయ సంఖ్యా విధానానికి 2007లో వచ్చిన రెండో భాగం వెర్షన్‌కు ప్రత్యేకంగా ఎనిమిది అంకెల స్థానాలు కేటాయించింది. 2010లో మొదలైన ఈడర్ రిజిస్ట్రీ సినిమాకు ఒక సంఖ్య, దాని ఎడిట్‌కు వేరే సంఖ్య ఇస్తుంది.

ఇళ్లలోని సర్వర్లు వాడే సమాచార భాండాగారాలు మాత్రం ఇంత లోతుకు వెళ్లవు. జెల్లీఫిన్ ప్రధానంగా ఆధారపడే టీఎండీబీలో సినిమాకు ఒక్కటే నంబరు. డైరెక్టర్స్ కట్‌కు, డబ్బింగ్‌కు అక్కడ విడి పేజీలుండవు. అంటే సినిమా ఏదో కనుక్కోవడానికి ఆ నంబరు అక్కరకొస్తుంది గానీ, ఏ వెర్షనో చెప్పడానికి కొరగాదు. మధ్య అంతస్తు మొత్తం ఖాళీ. ఆ ఖాళీని పూడ్చే భారం ఫైలు పేరు మీద పడింది. మీడియా సర్వర్ల ప్రపంచంలో పేర్ల నియమాలకు ఇంత ప్రాధాన్యం రావడానికి ఇదే కారణం.

జెల్లీఫిన్: ఫోల్డర్‌ను నమ్మే పద్ధతి

ఎంబీ సాఫ్ట్‌వేర్ తన సోర్స్ కోడ్‌ను మూసేయడంతో 2018 డిసెంబర్‌లో దాన్నుంచి చీలి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్. వెర్షన్లను కలిపే విషయంలో దీనిది సూటి నియమం. ఒక సినిమాకు ఒక ఫోల్డర్. అందులోని ప్రతి ఫైలు పేరూ ఆ ఫోల్డర్ పేరుతోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా, మొదలవ్వాలి. ఆ తర్వాత ఒక ఖాళీ, ఒక అడ్డగీత, మళ్లీ ఒక ఖాళీ. అక్కడి నుంచి వచ్చేదంతా లేబుల్. లేబుల్‌ను చదరపు బ్రాకెట్లలో పెట్టినా ఒప్పుకుంటుంది. లేబుల్‌లో ఏం రాయాలన్న నిబంధన లేదు, ఏది రాస్తే అదే చూసేవారికి జాబితాలో కనిపిస్తుంది.

మాయాబజార్‌ను తీసుకుందాం. విజయా వారి నిర్మాణంలో కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన ఈ సినిమాకు రంగులద్ది 2010 జనవరి 30న మళ్లీ విడుదల చేశారు. రంగుల రూపం నిడివి అసలు దానికన్నా తక్కువ. ఇంట్లో రెండూ ఉంటే ఫోల్డర్ పేరు ‘మాయాబజార్ (1957)’ అని పెట్టి, మొదటి ఫైలును ‘మాయాబజార్ (1957) - నలుపు తెలుపు’ అని, రెండోదాన్ని ‘మాయాబజార్ (1957) - రంగులు’ అని రాయాలి. గోడ మీద ఒక్క పోస్టర్ కనిపిస్తుంది, దాన్ని తెరిస్తే వెర్షన్ల పెట్టెలో రెండు పేర్లు ఉంటాయి. చాలామంది రంగుల ఫైలుకు 2010 అని సంవత్సరం రాస్తారు. అలా రాస్తే ఫోల్డర్ పేరుతో పొత్తు కుదరదు, పైగా సర్వర్ 2010లో వచ్చిన మాయాబజార్ కోసం వెతుకుతుంది. సంవత్సరం సినిమాది, లేబుల్ వెర్షన్‌ది. ఈ విభజన చెడకూడదు.

జాబితాలో వరస అక్షరక్రమంలో ఉంటుంది, మొదట ఉన్నదే ముందుగా ఎంపికై ఉంటుంది. పై ఉదాహరణలో ‘న’ ముందు, ‘ర’ తర్వాత కాబట్టి నలుపు తెలుపు మొదట వస్తుంది. అసలు సినిమాను ముందుంచాలనుకునేవారికి ఇది కలిసొచ్చే విషయం. రంగుల రూపమే ముందు రావాలంటే లేబుళ్లకు ముందు అంకెలు వేసుకోవాలి. రిజల్యూషన్ లేబుళ్లకు మినహాయింపు ఉంది. అంకె వెంట ఇంగ్లిష్ పి గానీ ఐ గానీ ఉంటే సర్వర్ దాన్ని రిజల్యూషన్‌గా గుర్తించి ఎక్కువ దాన్ని ముందు పెడుతుంది. ఆ అక్షరాన్ని తెలుగులో రాస్తే ఈ గుర్తింపు పనిచేయదు. అందువల్ల ఆ ఒక్క చోట ఇంగ్లిష్ అక్షరమే ఉంచాలి.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవారికి ఇంకో ఇబ్బంది ఉంది, అది కంటికి కనిపించదు. ‘మాయాబజార్’ వంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో ఉన్న గుర్తు అది. ఫోల్డర్ పేరును ఫోన్‌లో ఒక కీబోర్డుతో, ఫైలు పేరును కంప్యూటర్‌లో ఇంకో దానితో టైపు చేస్తే ఒకదానిలో ఆ గుర్తు ఉంటుంది, రెండోదానిలో ఉండదు. చూడడానికి రెండు పేర్లూ ఒకటే. అక్షరాలను సంకేతాల వారీగా పోల్చే ప్రోగ్రామ్‌కు మాత్రం అవి వేరు. ఐత్వంతోనూ ఇలాంటిదే ఉంది. యూనికోడ్ ప్రకారం ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి రాసే రకం కాబట్టి అక్కడి నుంచి కాపీ చేసిన ‘సైరా’, విండోస్‌లో టైపు చేసిన ‘సైరా’ సంకేతాల్లో కలవకపోవచ్చు. దీనికి మందు తేలిక. ఫోల్డర్ పేరును కాపీ చేసి, ఫైలు పేరులో పేస్ట్ చేసి, చివర లేబుల్ మాత్రం టైపు చేయాలి. తెలుగు లిపిలో పేర్లు పెట్టడం మానేయాల్సిన అవసరం లేదు.

ఫైళ్లు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటే జెల్లీఫిన్ తనంతట తాను కలపదు, రెండు పోస్టర్లు చూపిస్తుంది. వెబ్ పేజీలో రెండు పోస్టర్లనూ ఎంచుకుని ‘గ్రూప్ వెర్షన్స్’ అంటే కలుస్తాయి, ‘స్ప్లిట్ వెర్షన్స్’ అంటే విడిపోతాయి. ఇది అత్యవసరానికి పనికొచ్చే దారి. కానీ ఈ కలయిక సర్వర్ డేటాబేస్‌లోనే ఉంటుంది. లైబ్రరీని మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వస్తే ఆ పనంతా పోతుంది. పేరులో రాసుకున్న లేబుల్ ఫైలుతోనే ఉంటుంది, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా కళ్లకు కనిపిస్తుంది. కాబట్టి శ్రమ పేర్ల మీద పెట్టడమే మంచిది.

ప్లెక్స్, కోడి

ఎక్స్‌బీఎంసీ అనే పాత ప్లేయర్ నుంచి 2008లో విడిగా ఎదిగిన ప్లెక్స్ దారి వేరు. అది ఫోల్డర్ కన్నా సినిమా నంబరును ఎక్కువగా నమ్ముతుంది. ఒకే లైబ్రరీలో రెండు ఫైళ్లూ ఒకే సినిమాగా తేలితే వాటిని కలిపేసి ఒక పోస్టర్ కింద ఉంచుతుంది. మామూలుగా ప్లే నొక్కితే చూసే పరికరానికి, దాని క్వాలిటీ సెట్టింగుకు తగిన ఫైలును తనే ఎంచుకుంటుంది. ఫలానాదే కావాలంటే ‘ప్లే వెర్షన్’ అనే ఆప్షన్ ఉంటుంది. నాణ్యత తేడాలకు ఇది చక్కటి ఏర్పాటు. డైరెక్టర్స్ కట్, థియేటర్ కట్ ఉన్నవారికి మాత్రం ఏళ్ల తరబడి ఇదే తలనొప్పి అయింది. రెండు కట్‌లూ కలిసిపోయేవి, ‘స్ప్లిట్ అపార్ట్’ అంటూ చేత్తో విడదీసుకోవాల్సి వచ్చేది.

2022లో ప్లెక్స్ ఎడిషన్స్ అనే సదుపాయం తెచ్చింది. ఫైలు పేరులో మీసాల బ్రాకెట్ల మధ్య ఎడిషన్ అనే మాట, అడ్డగీత, ఆ తర్వాత ఎడిషన్ పేరు రాస్తే ఆ ఫైలు లైబ్రరీలో విడి పోస్టర్‌గా నిలుస్తుంది, పోస్టర్ కింద ఆ పేరు కనిపిస్తుంది. పేరు 32 అక్షరాలు మించకూడదు. సర్వర్ యజమానికి ప్లెక్స్ పాస్ చందా ఉండాలి. చందా షరతు ఇబ్బందే అయినా ఆలోచన మాత్రం సరైనది. కట్ మారితే పోస్టర్ మారుతుంది, నాణ్యత మారితే పోస్టర్ లోపల జాబితా మారుతుంది. ఆర్కైవుల నమూనాలోని మధ్య అంతస్తు ఇంటి సర్వర్‌లోకి ఈ రూపంలో వచ్చింది.

కోడి 2024 ఏప్రిల్‌లో వచ్చిన 21వ వెర్షన్‌తో సినిమా వెర్షన్ల సదుపాయం చేర్చింది. థియేటర్, ఎక్స్‌టెండెడ్, డైరెక్టర్స్ కట్ వంటి సిద్ధంగా ఉన్న పేర్లలోంచి ఎంచుకోవచ్చు, సొంత పేరూ పెట్టుకోవచ్చు. ఒక ఫైలును ఇంకో సినిమాకు వెర్షన్‌గా జతచేయడం రిమోట్‌తోనే చేయవచ్చు.

బొమ్మను, శబ్దాన్ని ఒకే ఫైలులో కలిపి ఉంచే కంటెయినర్ ఫార్మాట్‌లోనే పరిష్కారం వెతికిన ప్రయత్నాలూ ఉన్నాయి. బ్లూరే డిస్కుల్లో రెండు కట్‌లకు ఉమ్మడిగా ఉన్న సీన్లను ఒక్కసారే రాసి, ఏ వరసలో ఆడించాలో చెప్పే ప్లేలిస్టులు రెండు పెడతారు. డిస్కును కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వేర్వేరు నిడివులతో రెండు మూడు టైటిళ్లు కనిపించడానికి ఒక కారణం ఇది. మాట్రోస్కా ఫార్మాట్‌లో కూడా ఒకే ఎంకేవీ ఫైలులో పలు ఎడిషన్లు పెట్టే వీలుంది. 2024 అక్టోబర్‌లో ఈ ఫార్మాట్ ఆర్‌ఎఫ్‌సీ 9559గా ఇంటర్నెట్ ప్రమాణాల్లో చేరింది. కానీ సర్వర్లు, టీవీ యాప్‌లు ఈ ఎడిషన్లను పట్టించుకోకపోవడంతో ఇది వాడుకలోకి రాలేదు.

ఫైలు లోపలి సాక్ష్యం

పేరు లేని ఫైలు, పేరు తప్పుగా ఉన్న ఫైలు చేతికొస్తే ఏ వెర్షనో ఎలా తెలుస్తుంది? మీడియాఇన్ఫో, ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే ఉచిత పనిముట్లు ఫైలులోని వెడల్పు, ఎత్తు, కోడెక్, ఫ్రేమ్ రేటు, ఆడియో ట్రాకులు, నిడివి అన్నీ చూపిస్తాయి. ఆ అంకెలను చదవడం తెలియాలి.

రిజల్యూషన్‌ను ఎత్తుతో కొలిస్తే పొరపాటు జరుగుతుంది. సినిమాస్కోప్ సినిమాలో పైనా కిందా నల్ల పట్టీలు కత్తిరిస్తే ఫైలు 1920×804 అవుతుంది. ఎత్తు 804 అని దీన్ని 720పి అనుకోకూడదు. వెడల్పు 1920 కాబట్టి ఇది పూర్తి 1080పి ఫైలే. 4కేలో ఇదే 3840×1600 దగ్గర ఉంటుంది. మాయాబజార్ లాంటి పాత సినిమాల్లో ఇది తలకిందులవుతుంది. వాటి తెర నిష్పత్తి 1.37, అంటే 1080 ఎత్తుకు వెడల్పు 1480 మాత్రమే. అదే సినిమా 1920×1080 నిండా పరుచుకుని కనిపిస్తోందంటే రెండే అవకాశాలు. బొమ్మను పక్కలకు సాగదీసి ఉండాలి, లేదా పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు కోసేసి ఉండాలి. పాటలో నాట్యం చేసేవారి పాదాలు, ఘటోత్కచుడి కిరీటం తెర బయటికి పోయే రకం ఇది. అంకెల్లో ఎక్కువ కనిపించినా సినిమాగా తక్కువ ఉన్న వెర్షన్ అది. లేబుల్‌లో రిజల్యూషన్ రాసి ఊరుకోకుండా ‘పూర్తి ఫ్రేమ్’, ‘కత్తిరించినది’ అని రాయడం ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది.

నిడివి విషయంలో మరో వల ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడిన పాల్ టీవీ పద్ధతి 25 ఫ్రేములు. పాల్ డీవీడీలకు ఎక్కించేటప్పుడు 24 ఫ్రేముల సినిమాను 25 వేగంతో నడిపేసేవారు. దాంతో 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. ఆరు నిమిషాలు తగ్గాయని సీన్లు కోశారనుకుంటాం, ఒక్క సీనూ పోయి ఉండదు. ఫ్రేమ్ రేటు 25 అని ఉంటే నిడివిని 25తో హెచ్చించి 24తో భాగించి చూడాలి. అప్పటికీ తేడా మిగిలితేనే కట్ మారిందని అనుమానించాలి. బ్లేడ్ రన్నర్‌లో నిడివి కలిసినా సినిమా వేరు, ఇక్కడ నిడివి వేరైనా సినిమా ఒకటే. కేవలం నిమిషాలు చూసి వెర్షన్ తేల్చే ఏ పద్ధతి అయినా ఈ రెండు చోట్లా దెబ్బతింటుంది.

భారతీయ సినిమాలకు ఒక అదనపు సాక్ష్యం ఉంది. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌లో పేరు, భాష, తేదీ, నిడివి ఉంటాయి. ఫైలును సున్నా నిమిషం దగ్గర ఆపి ఆ పత్రం చదివితే ఇది తెలుగు ప్రింటా, డబ్బింగ్ ప్రింటా, మళ్లీ సర్టిఫై చేసిన రూపమా అన్నది చాలాసార్లు తేలిపోతుంది. అందుకే ఫైలు మొదట్లో ఆ పది సెకన్లు కోసి పారేయడం మంచి అలవాటు కాదు.

రంగుల పరిధి తేడా అంకెల్లో కన్నా కంటికే ముందు తెలుస్తుంది. హెచ్‌డీఆర్ ఫైలును మామూలు టీవీలో మార్పిడి లేకుండా ఆడిస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. డాల్బీ విజన్‌లో ప్రొఫైల్ 5 రకాన్ని అది తెలియని పరికరంలో ఆడిస్తే మనుషుల ముఖాలు ఊదా, ఆకుపచ్చ రంగుల్లోకి తిరుగుతాయి. ఫైలు పాడైందని తీసేయనక్కర్లేదు. లేబుల్‌లో హెచ్‌డీఆర్ అనో, డాల్బీ విజన్ అనో ఉంటే ఏ టీవీలో ఏది పెట్టాలో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

చిన్న ఫైలు అవసరాన్ని ఒక లెక్క చెబుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున అది 9 జీబీ, 60 మెగాబిట్ల చొప్పున 67.5 జీబీ. ఇంట్లో తీగ మీద రెండోదీ నడుస్తుంది. సర్వర్ గుంటూరులో ఉండి, చూసేవారు న్యూజెర్సీలో ఉంటే ఇంటి అప్‌లోడ్ వేగం చాలక సర్వర్ అప్పటికప్పుడు వీడియోను కుదించాల్సి వస్తుంది, పాత ప్రాసెసర్ అయితే ఆగి ఆగి నడుస్తుంది. 1080పి ఫైలును పక్కన పెట్టుకోవడం ఇలాంటప్పుడు పనికొస్తుంది. కొందరు 4కే సినిమాలకు విడి లైబ్రరీ కట్టి, దాన్ని ఇంటి టీవీకి మాత్రమే తెరుస్తారు. పోస్టర్లు రెండేసి అవుతాయి గానీ తప్పుగా నొక్కే అవకాశం పోతుంది.

భాష: వెర్షనా, ట్రాకా

తెలుగు ఇళ్లలో ఎక్కువగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. డబ్బింగ్ సినిమా అయితే బొమ్మ ఒకటే, గొంతు వేరు. ఎంకేవీ ఫైలులో ఎన్ని ఆడియో ట్రాకులైనా పెట్టవచ్చు కాబట్టి తెలుగు, తమిళం, హిందీలను ఒకే ఫైలులో ఉంచి వెర్షన్ల గొడవ లేకుండా చేసుకోవచ్చు. ప్రతి ట్రాకుకూ భాష గుర్తు ఉండాలి. ఆ గుర్తు లేకపోతే సర్వర్ భాష తెలియదని చూపిస్తుంది, ఇంట్లో తెలుగు ముందు రావాలని పెట్టుకున్న సెట్టింగ్ పనిచేయదు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే పనిముట్టుతో వీడియోను ముట్టుకోకుండా ఆ గుర్తు ఒక్కటే మార్చవచ్చు, క్షణాల్లో అయిపోతుంది.

రెండు భాషల్లో ఏకకాలంలో తీసిన సినిమాలకు ఇది వర్తించదు. మాయాబజార్ తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. తమిళ రూపం వేరే ఫోల్డర్‌లో ఉండాల్సిన వేరే సినిమా, ఆడియో ట్రాకు మార్చితే సరిపోయేది కాదు. సమాచార భాండాగారంలో రెండింటికీ ఒకే నంబరు ఉంటే నంబరును నమ్మే సర్వర్ కలిపేస్తుంది, చేత్తో విడదీసి ఉంచాలి. 2015లో వచ్చిన బాహుబలి తొలి భాగాన్ని తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీశారు. నటులు వారే అయినా మాట్లాడే షాట్లలో పెదవుల కదలిక వేరు. తమిళ బొమ్మ మీద తెలుగు మాటలు పెడితే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇలాంటివాటిని వెర్షన్లుగా, భాష పేరుతో లేబుల్ పెట్టి ఉంచాలి.

ఓటీటీ వేదికలు కూడా భాషలను విడి సరుకులుగానే అమ్ముతాయి. 2022 మే 20 నుంచి ఆర్ఆర్ఆర్ తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో ఉంటే హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఈ తెలుగు సినిమాను ప్రపంచంలో చాలామంది మొదట హిందీ గొంతులతో చూడడానికి ఇదే కారణం. బాహుబలిని నెట్‌ఫ్లిక్స్ ఒక్కో భాషకు ఒక్కో టైటిల్‌గా పెట్టింది.

సబ్‌టైటిళ్లు, ఆపిన చోటు

వెర్షన్ తప్పుగా గుర్తిస్తే ముందుగా బయటపడేది సబ్‌టైటిళ్లలో. 24 ఫ్రేముల ఫైలుకు రాసిన సబ్‌టైటిల్ 25 ఫ్రేముల ఫైలుకు పెడితే మొదట్లో కొద్దిగా, పోనుపోను ఎక్కువగా వెనకబడుతుంది. 100వ నిమిషానికి తేడా నాలుగు నిమిషాలు. కట్ మారితే జరిగేది వేరు. సీను కలిసిన చోటి దాకా సరిగ్గా ఉండి, అక్కడి నుంచి ఒకే అంతరంతో తప్పుతుంది. ఈ రెండు లక్షణాలను బట్టి తేడా వేగానిదా, ఎడిటింగ్‌దా అన్నది చెప్పవచ్చు. సబ్‌టైటిల్ ఫైలు పేరు, లేబుల్‌తో సహా, దాని వీడియో పేరుతోనే మొదలవ్వాలి. ఓపెన్‌సబ్‌టైటిల్స్ సేవ వీడియో సైజును, మొదటి 64 కిలోబైట్లను, చివరి 64 కిలోబైట్లను కలిపి లెక్కగట్టి ఫైలును గుర్తించే పద్ధతి పెట్టుకున్నది ఈ ఇబ్బంది వల్లే. పేరు ఏదైనా, సరిగ్గా ఆ ఫైలుకు సరిపోయే సబ్‌టైటిల్ దొరుకుతుంది.

సగంలో ఆపిన సినిమా మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కూడా ఇదే చిక్కు. ఆపిన చోటును ఫైలుకు కాకుండా సినిమాకు కట్టి గుర్తుంచుకునే సర్వర్‌లో 1080పి, 2160పి మధ్య మారితే మేలే జరుగుతుంది: హాల్లో ఆపింది పడగ్గదిలో అక్కడి నుంచే నడుస్తుంది. థియేటర్ కట్‌లో ఆపి ఎక్స్‌టెండెడ్ కట్‌లో కొనసాగిస్తే ఇంకో సీనులో పడతాం. కట్‌లకు విడి పోస్టర్లు ఉండాలన్న వాదనకు ఇంతకన్నా బలమైన కారణం లేదు.

సీరియళ్ల ఎపిసోడ్ల విషయంలో ఈ ఏర్పాట్లు ఇంకా వెనకబడి ఉన్నాయి. జెల్లీఫిన్‌లో పేరుతో వెర్షన్లు కలిపే సదుపాయం సినిమాల కోసం తయారైంది. ఒకే ఎపిసోడ్‌కు రెండు ఫైళ్లుంటే అవి రెండు ఎపిసోడ్లుగా వరసలో కనిపించడం చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. సీరియల్ మొత్తానికి రెండు నాణ్యతలు కావాలనుకునేవారు రెండు లైబ్రరీలు కట్టుకుంటారు. తెలుగు డబ్బింగ్ ఉన్న సీరియళ్లకైతే రెండు ఆడియో ట్రాకులతో ఒకే ఫైలు చేసుకోవడం ఇప్పటికి అనువైన దారి.